బుగ్గముద్ద

ఆ రోజు తెల్లవారేసరికి ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: గులాబ్‌బీ, తల్లి సైదున్నీసా, చెల్లెలు రషీదా, గుంజకు కట్టేసిన మేక. గోడకు వేలాడే దూదేకే విల్లును కూడా సైదున్నీసా ఇంటి మనుషుల్లోనే కలిపేది. దానితో బతికిన భర్త పోయి ఆరేళ్లయినా, పొద్దున్నే దాన్ని ఒకసారి తడిమిగానీ ఆమె మొహం కడుక్కునేది కాదు.

గులాబ్‌బీ రోటి ముందు కూర్చుని దంచుతోంది. రోజూ ఈ వేళకు ఆమె దంచేది పొగాకు, వక్కలు. వాటికి సున్నం, కాచు కలిపి ఉసిరికాయంత ముద్దలు చేసి, మూత ఉన్న ఇత్తడి డబ్బాలో సర్ది, తడిగుడ్డ కప్పి, ఊరి చివర వేరుశనగ మిల్లుకు పట్టుకుపోతుంది. ఎనిమిదేళ్లుగా అది ఆమె పని. ఈ రోజు రోటిలో ఉన్నవి వేయించిన శనగ్గింజలు, నల్లబెల్లం.

“ఏందే పాపా, ఈపొద్దు రోటి చప్పుడు యేరేగా ఉండాది?” అంది సైదున్నీసా మంచం మీంచి.

“కడిగినాలే మా.”

“కడిగితే కమ్మటి వాసనొస్తాదా? నాకు కండ్లు పోయినాయి గానీ ముక్కు పోలేదు.”

గులాబ్‌బీ రోటి అంచుకు అంటుకున్నది గీరి తల్లి చేతిలో పెట్టింది. తన వేలికి అంటింది మాత్రం పళ్ల సందులోంచి లోపలికి రాసుకుంది. ఆ సందులో ఒక్క వేలు పడుతుంది. రెండోది పట్టదు. తీపి తగిలినా ఎడమ బుగ్గ మండింది.

ఆమెకు ఇరవై ఆరేళ్లు. కుడివైపు నుంచి చూస్తే సన్నని ముక్కు, నున్నని చెంప, నడుము దాకా జడ. ఎడమవైపు చెంప లోపల రాయి పెట్టి కుట్టినట్టు ఉంటుంది. దవడ కింద ఇంకో రాయి. మాట పళ్ల మధ్య నుంచి నలిగి వస్తుంది. పదిహేనో ఏట పులివెందులలో ఆమెను కట్టుకున్నవాడు మూడేళ్లకే పంపేశాడు. నోటి వాసన సాకు చెప్పాడు.

మిల్లులో యంత్రం వలిచిన గింజల్లోంచి రాళ్లు, పుచ్చులు ఏరేది ఆడవాళ్లు. ఏరేవాళ్లు తింటారు. ఇంట్లో పొయ్యి వెలగనివాళ్లు ఇంకొంచెం ఎక్కువ తింటారు. దానికి ఓబన్న మేస్త్రీ కనిపెట్టిన మందు బుగ్గముద్ద. పొద్దున చావిడిలోకి వచ్చే ప్రతి ఆడమనిషీ ఒక ముద్ద ఎడమ బుగ్గలో పెట్టుకోవాలి. వాకిలి పక్కన మంచం మీద కూర్చున్న మేస్త్రీకి కనిపించేది ఆ వైపే. బుగ్గ ఉబ్బి ఉంటే మనిషి పనిలో ఉన్నట్టు. దవడ కదిలితే దొంగిలిస్తున్నట్టు. పొగాకు నోట్లో ఉండగా గింజ నమిలితే వికారం పుడుతుంది. మాట్లాడబోతే ఊట గొంతులోకి దిగుతుంది. అందుకే ఇరవై ముగ్గురు ఆడవాళ్లున్న ఆ చావిడిలో చేటల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. అదీ చాలదని, సాయంత్రం గేటు దగ్గర ఒక్కొక్కరూ మేస్త్రీ ముందు నిలబడాలి.

“నోరు తెరువ్” అంటాడు. చూస్తాడు. “పో” అంటాడు.

గులాబ్‌బీ పదమూడో ఏట మొదటిరోజే నాలుగు గింజలు తిని పట్టుబడింది. ఓబన్న కోప్పడలేదు. “ఇది పెట్టుకో పాపా, ఆకలి కాదు” అని తన చేత్తోనే ముద్ద నోట్లో పెట్టాడు. ఆమె వాంతి చేసుకుంది. అందరూ నవ్వారు. నెల తిరిగేసరికి అది లేకపోతే తల పట్టేసేది. ఏడాదికి రాత్రిళ్లు కూడా బుగ్గలో పెట్టుకునే పడుకునేది. నిజంగానే ఆకలి అయ్యేది కాదు.

కారం మండడం మొదలై రెండేళ్లయింది. తర్వాత బుగ్గలో పాలమీగడలాంటి మచ్చ లేచింది. అది పుండైంది. నోరు రోజురోజుకూ తలుపు వేసినట్టు మూసుకుంటూ వచ్చింది.

నెల కిందట జమ్మలమడుగు ఆసుపత్రికి పోయింది. డాక్టరమ్మ బ్యాటరీ లైటు వేసి, పెదవి పక్కకు లాగి చూసింది. దవడ కింద నొక్కింది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. ఎన్నో ఏట మొదలుపెట్టావు? పొగాకు ఒకటేనా, వక్క కూడానా? సున్నం వేస్తావా? ఎప్పుడూ ఇదే బుగ్గా? నిద్రలో కూడా ఉంటుందా? కూరగాయలు, పాలు ఎప్పుడైనా తింటావా? అన్నిటికీ గులాబ్‌బీ తల ఊపడమో, వేళ్లు చూపడమో చేసింది.

“అరవై ఏళ్లవాళ్లలో చూసేవాళ్లం దీన్ని. ఈ జబ్బుకు నీ వయసు చాలదమ్మా” అంది డాక్టరమ్మ. మదరాసు పోతే పుండు మాడేలా కరెంటు పెడతారని, దానికీ ఆలస్యమైందని చెప్పింది. లేచేటప్పుడు, “అంత చిన్నప్పుడు నీకిది ఎవరు అలవాటు చేశారు?” అంది. ముందు అడిగినవన్నీ కాగితం మీద రాసుకుంది. ఇది మాత్రం రాసుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో గులాబ్‌బీకి కుళ్లాయమ్మ గుర్తుకొచ్చింది. ఆమె కూడా చావిడిలో మనిషే. ముప్పై ఒకటో ఏట నోట్లో పుండుతో పోయింది. దిష్టి అన్నారు. ఆమె ఆరేళ్లు బుగ్గలో పెట్టుకున్న ముద్దలు చేసింది గులాబ్‌బీనే. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా తన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది.

రెండు రోజుల తర్వాత గేటు దగ్గర ఓబన్న “నోరు తెరువ్” అన్నాడు. ఆమె వేలెడు తెరిచింది.

“పూర్తిగా తెరువ్.”

“రాదప్పా.”

“రాదా? లోపల ఏం దాస్తాండావు?” అని ఓబన్న రెండు వేళ్లు పళ్ల మధ్య దూర్చి, గోనెసంచి మూతి విప్పినట్టు లాగాడు. లోపల ఏదో తెగింది. నెత్తురు గడ్డం మీదుగా రవికె మీదికి కారింది. గింజలేమీ లేవు. ఓబన్న వేళ్లు చూసుకుని మొహం చిట్లించి, ఆమె కొంగుకే తుడుచుకున్నాడు.

“ఇంగ నీతో పని కాదు. నీ చెల్లెలుంది గదా, పెద్దదైంది. దాన్ని తోలు. అది పని నేర్చుకునేదాకా నువ్వూ రా” అన్నాడు. “ఈపొద్దు ముద్దలు బాగున్నాయిలే. పో.”

ఆ సాయంత్రం నుంచి ఆమె మిల్లు గింజలు ఇంటికి తేవడం మొదలుపెట్టింది. రోజుకు పిడికెడు. పదమూడేళ్లలో మొదటిరోజు తిన్న నాలుగు తప్ప ఒక్క గింజ ముట్టనిది. ఓబన్న ఒడి చూస్తాడు, కొప్పు చూస్తాడు, నోరు చూస్తాడు. ఇత్తడి డబ్బాను మాత్రం చూడడు. అది ఆయన డబ్బా. పొద్దున నిండుగా వస్తుంది, సాయంత్రం ఖాళీగా పోతుంది. ఖాళీగా పోతుందని ఆయనకు తెలుసు కాబట్టి ఏనాడూ మూత తీయలేదు.

గులాబ్‌బీ ముద్దలు లెక్కపెట్టింది. రషీదాతో కలిపి ఇరవై నాలుగు. పొగాకు నానబెట్టిన నీళ్లలో గుడ్డ ముంచి పిండి వాటి మీద కప్పింది. మూత పెట్టేముందు ఒకసారి వాసన చూసింది. ఘాటుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పదమూడేళ్ల రషీదా జడ వేసుకుని గడపలో నిలబడి ఉంది. వీరపునాయునిపల్లెలో అమ్మమ్మ దగ్గరుండి ఐదో తరగతి చదివి వచ్చిన పిల్ల.

“వాంతి అయితే నవ్వుతారంట గదా అక్కా?”

“వాంతి కాదులే. నమలొద్దు. చప్పరించు. మొహంలో ఏం కనపడనీయొద్దు.”

మిల్లు గేటుకు ఒక పెద్ద రేకు తలుపు, దానిలో మనిషి వంగి దూరేటంత చిన్న తలుపు ఉన్నాయి. కాపలా ఇనాయతుల్లా చిన్న తలుపు తెరిచాడు. హైదరాబాదు రాజధాని అయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం అది. పొద్దున్నే రేకు వేడెక్కి ఉంది. ఓబన్న మంచం మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. యాభై ఏళ్లొచ్చినా ఒక్క పన్ను కదల్లేదని ఆయనకు గొప్ప. బుగ్గముద్ద ఏనాడూ నోట్లో వేసుకోలేదు.

ఆడవాళ్లు వరసలో వచ్చి ఎవరి ముద్ద వాళ్లు తీసుకున్నారు. మొదట అలివేలమ్మ. చావిడిలో అందరికంటే పెద్దది, నోట్లోంచి ముద్ద తీసిన మరుక్షణం ఏదో ఒకటి అనకపోతే ఊపిరాడని మనిషి. ఆమె ముద్ద బుగ్గలో పెట్టుకుంది. అనబోయిన మాట ఆగిపోయింది. కనుబొమలు పైకి లేచాయి. గులాబ్‌బీ ఆమెను రెప్ప వేయకుండా చూసింది. అలివేలమ్మ కనుబొమలు కిందికి దించుకుని, చేట తీసుకుని పోయి తన గోనెపట్ట మీద కూర్చుంది. ఆమెను చూసి వెనకవాళ్లందరూ అలాగే చేశారు.

కొత్తపిల్లకు మొదటి ముద్ద మేస్త్రీ చేత్తోనే పెట్టాలి. ఓబన్న వేపపుల్ల పక్కన పెట్టి, రెండు వేళ్లతో ముద్ద తీశాడు. అవే రెండు వేళ్లు. గులాబ్‌బీ వాటినే చూసింది.

“జిడ్డుగా ఉండాదేందే?”

“సున్నం కొత్తదప్పా. వెన్నమాదిరి ఉండాది.”

ఓబన్న రషీదా గడ్డం పట్టుకున్నాడు. “నోరు తెరువ్.”

రషీదా తెరిచింది. చిన్న నోరు, ఎర్రటి నాలుక, ఇంకా పూర్తిగా రాని దవడపళ్లు. ముద్ద లోపలికి పోయింది. ఓబన్న నవ్వడానికి తయారుగా నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

“వాంతి గూడా కాలేదే! అక్కకంటే మొండిది ఇది” అని నిరాశగా మంచం ఎక్కాడు.

ఒక గంట అంతా బాగానే జరిగింది. చేటలు ఆడుతున్నాయి. గింజలు గలగలమంటున్నాయి. ఇరవై ముగ్గురి నోళ్లలో మిల్లు గింజలు మిల్లులోనే కరుగుతున్నాయి. గులాబ్‌బీ తన ముద్ద తీసుకోలేదు. నెల నుంచి ఆమె తన ముద్దను కాస్త కాస్త తుంచి లోపలికి తోసుకుంటుందని మేస్త్రీకి తెలుసు కాబట్టి అడగలేదు. అది ఒక్కటే డబ్బాలో మిగిలింది.

అప్పుడు అలివేలమ్మ చేట అడ్డం పెట్టుకుని గొణిగింది.

“మ్మే గులాబీ, కరిగిపోతాందే! బుగ్గ చప్పబడితే ఏం జేసేది?”

గులాబ్‌బీకి ఇది తట్టలేదు. పొగాకు ముద్ద సాయంత్రం దాకా ఉంటుంది. బెల్లం ఉండదు. ఒక్క క్షణం ఆమె చేతులు ఆగిపోయాయి.

“నాలిక పెట్టి తోయ్” అంది.

అలివేలమ్మ నాలుకతో ఎడమ బుగ్గను లోపలి నుంచి పొడిచింది. బుగ్గ ఉబ్బింది. పక్కామె చూసి తానూ పొడిచింది. ఆ పక్కామె కూడా. మేస్త్రీకి కనిపించే వైపు ఇరవై మూడు బుగ్గలు మళ్లీ గుండ్రంగా లేచాయి. రషీదాకు నవ్వు ఆగక చేట మొహానికి అడ్డం పెట్టుకుంది. అలివేలమ్మ భుజాలు కదిలిపోతున్నాయి.

మధ్యాహ్నం కావస్తుండగా ఓబన్న మంచం దిగాడు. చావిడి మూలన గోడ నడుమెత్తు దాకా ఎర్రగా ఉంటుంది. ఉమ్మేది అక్కడే. రోజూ ఈ వేళకు అక్కడ ఈగలు ముసిరి ఉంటాయి. ఈ రోజు గోడ పొడిగా ఉంది. ఆయన గోడను చూశాడు, ఆడవాళ్లను చూశాడు.

“పొద్దున్నుంచి ఒక్కతె గూడా ఉమ్మడానికి లేయలేదేమే?”

నాలుకలు బుగ్గల్లో ఉన్నాయి.

ఓబన్న డబ్బా మూత తీశాడు. తడిగుడ్డ తీసి వాసన చూశాడు. పొగాకు ఘాటు ముక్కుకెక్కింది. మిగిలిన ముద్దను వాసన చూశాడు. గుడ్డ వాసనే ముక్కు నిండా ఉంది. గులాబ్‌బీ గింజలు ఏరుతూనే ఉంది. ఆమె చెవులు మాత్రం గేటు వైపు ఉన్నాయి. ఈ రోజు గురువారం. మదరాసుకు పోయే సరుకు చూడటానికి గురువారం మధ్యాహ్నం మిల్లు యజమాని సెట్టి వస్తాడు. ఇరవై నాలుగు ముద్దలకు సరిపడా గింజలు నాలుగు రోజుల కిందటే పోగయ్యాయి. ఆమె గురువారం కోసం ఆగింది.

ఓబన్న ముద్దను సగం తుంచి నోట్లో వేసుకున్నాడు.

మొదటిసారి నమిలినప్పుడు ఆయన మొహంలో ఏమీ తెలియలేదు. రెండోసారికి కళ్లు పెద్దవయ్యాయి. గేటు దగ్గర సెట్టి చెప్పుల చప్పుడైంది. ఉమ్మితే గింజ పలుకులే పడతాయి. మింగుదామంటే బెల్లం పళ్లకు పట్టేసింది. ఓబన్న పెదాలు బిగించుకుని నిలబడ్డాడు.

“ఏం ఓబన్నా, సరుకు యాడికొచ్చింది?” అన్నాడు సెట్టి.

ఓబన్న తల ఊపాడు.

“నోరు పడిపోయిందా ఏంది?”

“మేస్త్రీ నోట్లో ఏందో ఉండాది సామీ” అంది అలివేలమ్మ. ఆ చావిడిలో పనివేళ ఆడమనిషి ఒకరు గట్టిగా మాట్లాడడం అదే మొదలు.

సెట్టి నవ్వాడు. “నువ్వు గూడా మొదలుపెట్టినావా?” అన్నవాడు ఓబన్న మీసం దగ్గర అంటుకున్న పలుకును చూసి నవ్వడం మానేశాడు. దగ్గరికి వచ్చాడు.

“నోరు తెరువ్.”

ఓబన్న కదల్లేదు.

“తెరువ్ అంటాండా.”

ఓబన్న నోరు తెరిచాడు. ఒక్కటీ కదలని పళ్లు, వాటి మధ్య నమిలిన గింజల ముద్ద. చేటలన్నీ ఆగిపోయాయి. గులాబ్‌బీ లేచి నిలబడింది, బాగా కనిపించాలని. నాలుక ఎంత మేరకు వణుకుతోందో, కొండనాలుక ఎలా ఎగిసిపడుతోందో అంతా చూసింది. తన వేళ్లు రెండు కొంగులో బిగుసుకున్నాయి. వాటిని లోపలికి దూర్చి లాగాలని ఉంది. సెట్టి అడ్డం ఉన్నాడు.

“ఈ యమ్మి చేసింది సామీ! ముద్దలన్నీ శెనిగ్గింజలే! అందరి నోర్లు సూడు!” అన్నాడు ఓబన్న, గులాబ్‌బీ వైపు వేలు చూపి.

“ముందు నీ నోటి సంగతి జెప్పు. ఆ డబ్బా ఎవురిది?”

“నాదే. కానీ...”

“గేటు కాడ దీన్ని తెరిసి చూస్తావా?”

ఓబన్న డబ్బా మూత వైపు చూశాడు.

“ఎన్నాళ్ల నుంచి ఇది బయటికి పోతాంది?” సెట్టి ఆడవాళ్ల వైపు తిరిగి అడిగాడు.

గులాబ్‌బీ ఎదురుచూసిన ప్రశ్న అది. నోరు ఎంత తెరుచుకుంటుందో అంతా తెరిచి, ఒక్కొక్క అక్షరం తెలిసేలా అంది.

“నాకు తెల్సి పదమూడేండ్లు సామీ.”

అందులో అబద్ధం లేదు. సెట్టి డబ్బాను చేతిలో తిప్పి, దాని లోతు చూశాడు. అందులో పట్టే గింజలు, పదమూడేళ్ల సాయంత్రాలు ఆయన కళ్లలో తిరగడం అందరికీ కనిపించింది. డబ్బాను నేల మీదికి విసిరికొట్టాడు. మూత ఒక పక్కకు దొర్లింది. మిగిలిన అర ముద్ద ఇంకో పక్కకు పడింది.

“ఇంగ డబ్బా లేదు, ముద్దా లేదు. రేపట్నుంచి వట్టినోర్లతో ఏరండి. గేటు కాడ నేనే సూసుకుంటా. ఓబన్నా, నువ్వు పో.” తర్వాత గులాబ్‌బీ వైపు తిరిగాడు. “మోసిన చెయ్యి నీది. నువ్వూ పో. కొత్తపిల్ల ఉండనీ.”

ఓబన్న చిన్న తలుపు దగ్గర వంగబోతుంటే ఇనాయతుల్లా చెయ్యి అడ్డం పెట్టాడు.

“నోరు తెరువప్పా. నువ్వు పెట్టిన రూలే గదా.”

ఓబన్న ఇంకోసారి తెరిచాడు. ఇనాయతుల్లా తీరిగ్గా చూశాడు. “పో” అన్నాడు.

గులాబ్‌బీ వచ్చినప్పుడు ఇనాయతుల్లా ఏమీ అడగలేదు. ఆమె ఆయన ముందు నిలబడి వేలెడు నోరు తెరిచింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. ఆమె బయటికి దిగింది. రోడ్డు మీద ఎండలో ఓబన్న వెనక్కి చూడకుండా పోతున్నాడు. కసి తీరిందా అని తనను తాను అడుక్కుంది. తీరలేదు. దవడ కింద రాయి పొద్దున ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. కొత్త పంట మిల్లుకు వచ్చేనాటికి ఆమె ఉండదని డాక్టరమ్మ చెప్పకపోయినా ఆమెకు తెలుసు. ఆ ఏడు కొత్త కాయల బండ్లు ఆ గేటులోకి వచ్చాయి. ఆమె లేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆమె వెనక్కి తిరిగి, తలుపులోంచి లోపలికి చూసింది. చావిడిలో రషీదా చేట ఒళ్లో పెట్టుకుని అలివేలమ్మతో ఏదో చెబుతోంది. రెండు బుగ్గలూ చదునుగా ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి. అలివేలమ్మ పెద్దగా నవ్వింది. ఆ నవ్వు గేటు దాకా వినిపించింది.

“పోమ్మా, సెట్టి చూస్తాండాడు” అన్నాడు ఇనాయతుల్లా.

ఆయన తలుపు వేస్తుంటే సందు సన్నబడుతూ వచ్చింది. మొదట అలివేలమ్మ మరుగైంది, తర్వాత రషీదా. చివరికి మిగిలింది చీమలు అప్పుడే ఎక్కుతున్న ఇత్తడి డబ్బా, మూత ఊడి, నేల మీద నోరు బార్లా తెరుచుకుని.